సీసపు కళాయి

పోత పోసిన సీసపు గుండ్లను కొత్త రకం పిస్తోళ్లలో కాల్చవచ్చా అని మొన్నామధ్య మా చెల్లెలి అల్లుడు నన్ను అడిగాడు. పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు అన్నం తినేటప్పుడు కూడా తుపాకుల కబుర్లే. "మామూ, మీరు దుబాయ్‌లో తుపాకుల కాడ పనిచేసినారంట గదా, మీకు తెలిసే ఉంటదిలే" అన్నాడు. "కాల్చొద్దు" అని ఒక్క మాట అని, చేయి కడుక్కుని లేచాను. వెనక మా చెల్లెలు, "ఆయనకు దుబాయ్ మాటెత్తితే అంతేలే బాబూ" అని సర్దిచెప్పడం వినిపించింది.

దుబాయ్ మాటంటే నాకేం కోపం లేదు. అల్లుడు అడిగినదానికి జవాబు నాకు బాగా తెలుసు. తెలిసిన తీరే బాగాలేదు. నా మూలంగా ఒక మనిషి కుడిచేయి పోయింది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది నెల్లూరు జిల్లాలో కళాయి వేసే సాయిబుల కుటుంబం. మా నాన్న ఊరూరా తిరిగి, వీధి మధ్యలో చిన్న గుంట తీసి, తోలుతిత్తి పాతి, బొగ్గులు రాజేసి, ఇత్తడి గిన్నెలకూ రాగి డేగిసాలకూ లోపల తగరం పూత పూసేవాడు. గిన్నె ఎర్రగా కాగాక చిటికెడు నవాసారం చల్లి, తగరం ముక్క తాకించి, గుడ్డపీలికతో ఒక్క తిప్పు తిప్పితే చాలు, గిన్నె లోపలంతా తెల్లగా అద్దంలా మెరిసేది. కళాయి ఉన్న గిన్నెలో చింతపండు పులుసు కాచినా కిలుము పట్టదు. అందుకని మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకంటే ముందు వచ్చిన చదువు ఒకటే. లోపల తెల్లగా మెరిస్తే గిన్నె క్షేమం, మెరుపు పోతే విషం. కళాయిని గోటితో గీకినా మా నాన్న వీపు చిట్లగొట్టేవాడు.

తరవాత స్టీలు గిన్నెలు వచ్చాయి. స్టీలుకు కళాయి అక్కర్లేదు, కళాయివాడూ అక్కర్లేదు. మా నాన్న తిత్తి అటకెక్కింది, నేను విమానం ఎక్కాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఎనభైల మొదట్లో మాట. ఇప్పుడు నేను నడిపే కొట్టు స్టీలు సామాన్లదే. దానికి మా నాన్న ఏమనేవాడో నాకు తెలుసు.

వీసా మీద వర్క్‌షాపు హెల్పర్ అని ఉంది. దుబాయ్‌లో దిగాక కరామాలో మా జిల్లావాళ్ల గదిలో రెండు రోజులు ఉన్నాను. ఒక్కో గదిలో పదిమంది, పడుకుంటే ఒకరి కాళ్లు ఒకరి మొహం మీద. ఇదేం బతుకురా అనుకున్నాను. మూడోరోజు నన్ను రాస్ అల్ ఖైమాకు తీసుకుపోయారు. అక్కణ్ణుంచి కొండలవైపు మట్టిరోడ్డు మీద ఇంకా చాలా దూరం. దూరపు కొండలు నునుపంటారు, దగ్గరికి పోతే అవి రాళ్ల క్వారీలు. క్వారీకి ఇవతల ఎత్తయిన ఇసుకగట్టు ఒకటి, దాని ముందు రేకుల షెడ్డు, రెండు గదులు. అదీ నా వర్క్‌షాపు. నాకు వీసా ఇచ్చిన కఫీల్ కలిగినవాడు, తుపాకులంటే పిచ్చి. శుక్రవారం స్నేహితులతో వచ్చి గురి చూసి కాల్చుకునే చోటు అది. మిగతా ఆరు రోజులు అక్కడ ఉండేది ఇద్దరమే. నేను, ఉస్తాద్.

కరామాలో మొహానికి తగిలిన ఆ కాళ్ల కోసం నేను ఏడ్చిన రోజులున్నాయి. చెబితే నవ్వుతారు. తెలుగు మాట వినపడని చోట మనిషికి మెల్లగా ఏమవుతుందో అక్కడ చూశాను. పొద్దున లేవగానే షెడ్డులో కనిపించిన ప్రతి వస్తువు పేరూ పైకి చెప్పుకునేవాణ్ణి. సుత్తి, ఆకురాయి, గరిటె, చీపురు. ఒకరోజు పొయ్యి మీది మూకుడు దించబోయి, చేతిలో ఉన్నదాని పేరు గుర్తురాక ఆగిపోయాను. మా నాన్న చేతిలో పొద్దస్తమానం ఉండే వస్తువు. ఎంత గింజుకున్నా రాలేదు. మూకుడు దించి పక్కన కూర్చుని ఏడ్చాను. మళ్లీ నీళ్ల ట్యాంకరు వచ్చేదాకా మూడు రోజులు ఆగాల్సి వచ్చింది.

ట్యాంకరు నడిపే అతను కరీంనగర్ వైపు మనిషి. నాకంటే అయిదారేళ్లు పెద్ద. వారానికి రెండుసార్లు వచ్చి తొట్టి నింపి, ఒక బీడీ కాల్చి పోయేవాడు. ఆ బీడీ ఆరేదాకానే నాకు తెలుగు.

"ఏం భాయ్, బతికే ఉన్నవా?" అన్నాడు ఆరోజు దిగుతూనే.

"అన్నా, కాగినదాన్ని పట్టుకునేదాన్ని ఏమంటారన్నా?" అన్నాను, సలామైనా చెప్పకుండా.

అతను నన్ను పైకీ కిందికీ చూశాడు. "పట్కారు. గిదడిగెతందుకేనా గట్ల ఉరికొచ్చినవ్?"

పట్టకారు. ఆ మాట అందాక పోయిన ప్రాణం లేచొచ్చింది. అతను మాత్రం తల అడ్డంగా ఊపి, "నువ్వు గిట్లనే ఉంటె పిచ్చోనివైతవ్ భాయ్" అని ట్యాంకరెక్కాడు.

ఇక ఉస్తాద్ సంగతి. ఆయన ఆవలి పంజాబు మనిషి, దేశం చీలకముందు పట్టాళంలో హవల్దారు. అరవై దాటాయి. కఫీల్ వాళ్ల నాన్న కాలం నుంచీ ఆ ఇంటి తుపాకులన్నీ ఆయన చేతి మీదే నడిచాయి. మనిషి తాటిచెట్టంత, మాట మెత్తన. ఎప్పుడో పట్టాళంలో ఉండగా మద్రాసులో ఆరు నెలలు ఉన్నాడట. నా నెల్లూరు ఉర్దూ వినగానే, "బేటా, నీ ఉర్దూలో ఇడ్లీ ముక్కలు తగులుతున్నాయి" అనేవాడు. నాకు కోపం వచ్చేది. కోపం తెప్పించడానికైనా ఒక మనిషి ఉన్నాడుకదా అని తరవాత అనిపించేది. ఆయన మాటలన్నీ ఉర్దూలోనే, నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి.

ఆయన కళ్లకు పొర వచ్చింది. దూరాన ఉన్న గురి బాగానే కొట్టేవాడు, అది అలవాటు మీద. చేతిలో ఉన్నది మాత్రం మసక. వారం తిరగకుండానే నేను కనిపెట్టాను. సూదిలో దారం నాకిచ్చేవాడు, బియ్యంలో రాయి ఏరేది నేనే. కఫీల్‌కి తెలిస్తే ఇంటికి పంపేస్తాడని ఆయన భయం. ఒకరోజు తనే చెప్పాడు. "దగ్గరి చూపంతా నీది, దూరపు చూపు నాది. ఇద్దరం కలిస్తే ఒక మనిషి." ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో చెప్పలేను. అంత దూరంలో నేను కూడా ఒకరికి కావలసినవాణ్ణయ్యాను.

ఇసుకగట్టులో దిగబడ్డ గుండ్లను జల్లెడపట్టి ఏరి, ఆ సీసాన్ని కరిగించి మళ్లీ గుండ్లు పోయడం నా పని. పాత రివాల్వర్లకు అవే వాడేవాళ్లు. కరిగిన లోహం నాకు కొత్త కాదు. మొదటి రోజే గుండ్లు బుడగ లేకుండా, ముడత లేకుండా దిగాయి. ఉస్తాద్ ఒక్కోదాన్ని వేళ్ల మధ్య దొర్లించి చూసి, "నిప్పు నీ మాట వింటుంది" అన్నాడు. మా నాన్న జీవితంలో ఒక్కసారి కూడా అనని మాట అది. ఉస్తాద్‌కొక నియమం ఉండేది. కొత్తగా పోసిన గుండ్లు ఏవైనా సరే ముందు తనే కాల్చి చూడాలి, ఆ తరవాతే కఫీల్ చేతికి. "వండినవాడు ముందు తినాలి" అనేవాడు. వండేది నేనైనా తినేది ఆయనే.

ఏడాది గడిచాక కఫీల్ యూరప్ నుంచి కొత్త పిస్తోలు తెచ్చాడు. ఒకటి కాల్చగానే తనంతట తానే ఇంకొకటి ఎక్కించుకునే రకం. నల్లగా, పలకలుగా, ముట్టుకుంటే చల్లగా ఉంది. దాంతోపాటు చిన్న పుస్తకం. అందులో సీసపు గుండ్లు వాడరాదని, రాగి తొడుగు ఉన్న తూటాలే వాడాలని రాసి ఉందని కఫీల్ చదివి చెప్పాడు. ఆయనకు హిందీ బాగా వచ్చు, గల్ఫ్ అరబ్బులందరిలాగే. చదివి నవ్వాడు. రాగి తొడుగు తూటాలు తెప్పిస్తే అవి నెలల తరబడి రేవులో కాగితాల దగ్గర ఆగిపోయాయి. చేతిలో పిస్తోలు ఊరుకోనిస్తుందా.

"ఉస్తాద్, సీసం సీసమే కదా. రివాల్వర్‌లో పేలేది ఇందులో ఎందుకు పేలదు?" అన్నాడు.

ఉస్తాద్ పిస్తోలును విప్పి, గొట్టాన్ని వేళ్లతో ఆ కొసనుంచి ఈ కొసదాకా తడిమాడు. తరవాత చెప్పాడు. "పేలుతుంది సాబ్. మొదటి రోజు పేలుతుంది. సీసం మెత్తటిది, గొట్టం గోడకు రుద్దుకుంటూ పోతుంది. పాత తుపాకీలో లోపల మెలితిరిగిన పదునైన గాడులుంటాయి, సీసం అంటుకుంటే ఆ మూలల్లో ముద్దలుగా కనిపిస్తుంది, గీకి పారేస్తాం. ఇందులో ఆ పదును గాడులు లేవు, మూలలు గుండ్రం చేశాడు. అంటుకుంటే ఎక్కడ అంటుకుందో కనబడదు. దారి ఇరుకైతే వెనక ఉన్న ఒత్తిడి ఎటుపోవాలి? కాల్చేవాడి చేతిలోకి."

"అంటే కాల్చొద్దంటావా?"

"పుస్తకం వద్దంటోంది. నేనూ వద్దనే అంటాను."

కఫీల్ మొహం చిన్నబోయింది. అన్నం పెట్టేవాడి మొహం చిన్నబోతే చూడలేని మనిషి ఉస్తాద్. అదే ఆయన బలహీనత. పిస్తోలును మళ్లీ బిగిస్తూ, "గొట్టం శుభ్రంగా ఉంచగలిగితే కొన్నాళ్లు నడపవచ్చు" అన్నాడు. కఫీల్ వెళ్లాక నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. యాభై గుండ్లు కాల్చిన ప్రతిసారీ గొట్టం విప్పాలి. రాగి తీగల బ్రష్‌తో లోపలంతా గట్టిగా తోమాలి. తోమాక ఎండకేసి పట్టి చూసి ఆయనకు చెప్పాలి. "నా కంటికి అందులో ఏమీ కనబడదు. నువ్వు బాగుందంటే నేను కాలుస్తాను. నా చేయి నీ కళ్లమీద ఉంది బేటా."

మొదట్లో సాఫీగా నడవలేదు. మెత్తటి ముక్కున్న గుండ్లు ఎక్కేటప్పుడు అడ్డంగా ఇరుక్కునేవి. ఉస్తాద్ ఇంకో అచ్చు తెప్పించి, వాటి ముక్కు గుండ్రంగా వచ్చేలా చేశాడు. ఆ తరవాత శుక్రవారాల్లో పిస్తోలు తడబడకుండా పేలింది, కఫీల్ మొహం వెలిగింది. నేను చెప్పినట్టే యాభైకోసారి తోమాను. ఎండకేసి చూస్తే లోపల నల్లటి ఉక్కు, చీకటి బావిలా. "బాగుంది ఉస్తాద్" అనేవాణ్ణి. ఆయన కాల్చేవాడు.

రెండు మూడు నెలలకు గొట్టం లోపల రంగు మారింది. ఎండకేసి పట్టి చూస్తే నలుపు పోయి లోపలంతా తెల్లగా, ఒకే తీరుగా, గీత లేకుండా మెరుస్తోంది. ఎక్కడా ముద్ద లేదు, మచ్చ లేదు. నేను ఆ గొట్టాన్ని అలాగే కంటికి పెట్టుకుని కూర్చుండిపోయాను. అది ఎవరి పనితనమో నాకు తెలుసు. కళాయి. నేను పోసిన గుండ్లు వెళుతూ వెళుతూ ఉక్కు లోపల కళాయి పూశాయి. ఇక ఈ గొట్టానికి తుప్పు పట్టదు, కిలుము పట్టదు అనుకున్నాను. ఎడారిలో, మనిషి మాట లేని చోట, మా ఇంటి పనే నన్ను వెతుక్కుంటూ వచ్చిందనిపించింది. ఎంత సంతోషం వేసిందో. అదే ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు.

రాగి తీగల బ్రష్ చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. కళాయిని గీకడమా? కళాయివాడి కొడుకు చేసే పనేనా అది? మెత్తటి గుడ్డపీలిక కర్రకు చుట్టి, మా నాన్న తిప్పినట్టే తిప్పి మెరుగు పెట్టాను. మరింత మెరిసింది.

"తోమావా?" అన్నాడు ఉస్తాద్.

"తోమాను."

"ఎలా ఉంది?"

"అద్దంలా ఉంది ఉస్తాద్."

ఆయన తల ఊపి కాల్చాడు. పిస్తోలు ఎప్పటిలాగే పేలింది. దాంతో నా మాటే నిజమని నాకు రూఢి అయిపోయింది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నవాడు నాకంటే నయం, వాడు కనీసం కుందేటిని పట్టుకున్నాడు. ఆ తరవాత వరసగా నెలన్నరపాటు ఒక్కసారి కూడా బ్రష్ పెట్టలేదు. ప్రతిసారీ తోమానని చెప్పాను.

నేను తెలివితక్కువవాణ్ణి అంటే సరిపోదు. నాకు తెలియాల్సినవి తెలుసు. తగరం ఖరీదని దొంగ కళాయివాళ్లు అందులో సీసం కలుపుతారు. అలాంటి కళాయిని గుడ్డతో రుద్దితే గుడ్డ నల్లబడుతుందని చిన్నప్పుడే మా నాన్న చూపించాడు. నా పీలిక ప్రతిసారీ నల్లగానే వచ్చింది. తుపాకిమందు మసి అనుకున్నాను. ముందు సులువుగా పోయే కర్ర చివరి రోజుల్లో బిగుతుగా పోయింది. గుడ్డ మందం ఎక్కువైంది అనుకున్నాను. మనసు ఒకటి కావాలనుకుంటే కన్ను దానికి వకాల్తా పుచ్చుకుంటుంది. ఉస్తాద్‌కు ఈ మెరుపు సంగతి ఒక్క ముక్క వివరంగా చెప్పి ఉంటే ఆయన వెంటనే పట్టేసేవాడు. చెప్పలేదు. ఆయన నేర్పని విద్య ఒకటి నా దగ్గర ఉందని, ఎప్పుడో ఒకరోజు కఫీల్ ముందు చెప్పి ఆశ్చర్యపరుద్దామని దాచుకున్నాను.

ఒక గురువారం మధ్యాహ్నం ట్యాంకరు తొట్టిలోకి నీళ్లు వదులుతోంది. మర్నాటికి పోసిన గుండ్లను ఉస్తాద్ కాల్చి చూస్తున్నాడు. నేను ట్యాంకరు దగ్గర నిలబడి కరీంనగర్ వానల గురించి వింటున్నాను. మూడు గుండ్లు మామూలుగా పేలాయి. నాలుగోది వేరేగా వినిపించింది. గట్టిగా కాదు, పగిలినట్టు. వెనక్కి తిరిగేసరికి ఉస్తాద్ నిలబడే ఉన్నాడు. పిస్తోలు కింద పడి ఉంది, పిడి చిట్లిపోయి, తూటాల పెట్టె అడుగునుంచి ఊడి ఇసుకలో పడి ఉంది. ఆయన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని దానివైపు చూస్తున్నాడు. దగ్గరి చూపు లేని మనిషి. "ఏమైందో చూడు బేటా" అన్నాడు నాతో.

చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అరచేయి విచ్చుకుపోయింది. నా తలపాగా తీసి చుట్టాను. ట్యాంకరతను నీళ్ల పైపు అలాగే వదిలేసి, ఉస్తాద్‌ను చిన్నపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి ముందు సీట్లో కూర్చోబెట్టాడు. మట్టిరోడ్డు మీద అంత దూరమూ ఆయన చేతిని నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. బండి గుంటలో పడ్డప్పుడల్లా ఆయన గొంతులోంచి చిన్న మూలుగు వచ్చేది, అంతే.

కబురు అందగానే కఫీల్ షెడ్డు దగ్గర ఆగి, ఆస్పత్రికి వచ్చాడు. ఆయన చేతిలో ఒక గుడ్డ మూట, అందులో విరిగిన పిస్తోలు. గొట్టం నిలువునా చీలింది. చీలిక అంచున సన్నటి తెల్లటి రేకు లేచి కనిపిస్తోంది, అరటిదూట పొరలా. నేను కళాయి అనుకున్నది అదే. డాక్టరు ప్రాణానికి భయం లేదన్నాడు, రెండు వేళ్లు ఇక ముడుచుకోవన్నాడు. కఫీల్ మంచం పక్కన నిలబడి, కోపంగా కాదు, కంగారుగా అడిగాడు.

"గొట్టం చూసిందెవరు?"

నేను మంచం కాళ్ల దగ్గర ఉన్నాను. నోరు తెరిచాను. నిజంగానే తెరిచాను, మాట రాలేదు. ఆ ఖాళీలోకి ఉస్తాద్ గొంతు వచ్చింది.

"నేనే చూశాను సాబ్."

"నువ్వు చూస్తే ఇది కనబడలేదా?"

"కనబడదు సాబ్. రెండేళ్లుగా నా కళ్లకు పొర. మీకు చెప్పకుండా దాచాను."

కఫీల్ ఆ మూటను మళ్లీ కట్టేశాడు. తరవాత, తన తండ్రి కాలం నాటి మనిషి భుజం మీద చేయి వేసి, ఇక ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకో అన్నాడు. ఉస్తాద్ అన్నాళ్లూ ఏ మాటకు భయపడ్డాడో ఆ మాటే. దాన్ని ఆయన తన నోటితో తనే తెచ్చుకున్నాడు. నేను నేలవైపు చూస్తూ నిలబడ్డాను.

తిరుగుదారిలో ట్యాంకరతనికి అంతా చెప్పేశాను. "నేను బ్రష్ ఎయ్యలేదన్నా. ఏసినానని చెప్పినా. నెలన్నర నుంచీ అబద్ధమే చెప్తుండా" అన్నాను.

అతను బండి ఆపలేదు. రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అన్నాడు. "నువ్వు సప్పుడు జెయ్యకుండుండు. ముసలాయన నెత్తిన ఏస్కున్నడు గద. ఇప్పుడు నువ్వు బోయి చెప్తె ఆయన చెయ్యి మల్ల మొలుస్తదా? నీ వీసా ఖలాస్ అయితది, గంతే."

"ఆయన పని పోయిందన్నా."

"పోయింది గద. ఇద్దరిదీ పోవాల్నా?"

లెక్క సరిగ్గానే ఉంది. అంత సరిగ్గా ఉన్న మాటను వినడానికి ఎవడికి చేదు? నేను నోరు మూసుకున్నాను.

ఉస్తాద్‌ను ఊరికి పంపే ముందు ఒక్కసారి చూడటానికి వెళ్లాను. చేతికి కట్టు ముంజేతిదాకా ఉంది. ఎడమచేత్తో బిస్కట్ తినడం నేర్చుకుంటున్నాడు, పొడి అంతా గడ్డంలో పడుతోంది. నేను తుడిచాను. ఆయన నావైపు తిరక్కుండానే అడిగాడు.

"బ్రష్ పెట్టావా బేటా?"

కళాయి సంగతి, మెరుపు సంగతి, మా నాన్న సంగతి అన్నీ గొంతులో ఉన్నాయి. మింగలేక కక్కలేక నిలబడ్డాను. ఆయన నా మౌనాన్ని చివరిదాకా విన్నాడు. "సరే" అన్నాడు. తిట్టలేదు. ఎడమచేత్తో నా చేయి తడిమి, "నువ్వు వేళకు తిను. ఒక్కడివే అని వండుకోవడం మానకు" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి.

ఆయన వెళ్లాక రాస్ అల్ ఖైమా ఎండలో ఆ షెడ్డు ఎంత పెద్దదో తెలిసింది. పాత రివాల్వర్లకు గుండ్లు పోస్తూనే ఉన్నాను. కాల్చి చూసేవాడు లేడు. పక్కగదిలో నమాజుకు లేచిన అలికిడి లేదు, నా ఉర్దూలో ఇడ్లీ ముక్కలు ఏరేవాడు లేడు. ట్యాంకరతను వచ్చినా నాకు మాటలు తగ్గాయి. అతనికి నా సంగతి తెలుసు, అతను నోరెత్తడు, అదే మా మధ్య గోడయింది. అన్నం వండుకుని పళ్లెంలో పెట్టుకుంటే ఎడమచేత్తో తింటున్న మనిషి కళ్లముందు కనిపించేవాడు. నెల తిరిగేసరికి నా వల్ల కాలేదు. వీసా పోతే పోయింది, ఇంటికి పోతే స్టీలు కొట్టులో లెక్కలు రాసుకుందాం అనుకున్నాను.

శుక్రవారం కఫీల్ వచ్చాడు. స్నేహితులు కార్లు దిగుతుండగా ఆయన్ను పక్కకు పిలిచి అంతా చెప్పాను. గొట్టం చూసింది నేనని, ఉస్తాద్ కాదని. బ్రష్‌తో తోమమన్న గొట్టాన్ని నెలన్నరపాటు తోమలేదని. తోమానని ప్రతిసారీ అబద్ధం ఆడానని. లోపలి మెరుపును కళాయి అనుకున్నానని కూడా చెప్పాను. ఆ మాట హిందీలో ఎలా చెప్పానో, ఆయనకు ఎంత అర్థమైందో తెలియదు. ఆపకుండా చివరిదాకా చెప్పాను. చెప్పడం అయ్యాక, ఎన్నో రోజులకు మొదటిసారి, ఊపిరి పూర్తిగా లోపలికి పోయింది.

కఫీల్ నన్ను చూసి జాలిగా నవ్వాడు.

"నువ్వు వస్తావని ఉస్తాద్ వెళ్లేముందే చెప్పాడు" అన్నాడు. "ఏమన్నాడో తెలుసా? 'ఆ నెల్లూరువాడు ఒంటరివాడు సాబ్, నేను పోయాక మాట్లాడే దిక్కుండదు. మీతో నాలుగు మాటలు మాట్లాడటానికి నా తప్పు తన నెత్తిన వేసుకుని వస్తాడు. నమ్మవద్దు, కోప్పడవద్దు. టీ ఇచ్చి కాసేపు కూర్చోబెట్టుకోండి' అన్నాడు."

"నిజమే చెబుతున్నాను సాబ్. ఖుదా సాక్షిగా" అన్నాను.

"మాలూమ్, మాలూమ్" అని, తెలుసులే అన్నట్టు నా వీపు తట్టాడు. నమ్మలేదు. మళ్లీ చెప్పబోతే వినలేదు. కారులోంచి ఫ్లాస్కు తెప్పించి, తన చేత్తో టీ పోసి ఇచ్చి, ఇసుకలో నా పక్కన కూర్చుని మా ఊరి గురించి అడిగాడు.

ఆ తరవాత నేను అక్కడ ఇంకా నాలుగేళ్లు పనిచేశాను. ప్రతి శుక్రవారం కఫీల్ స్నేహితుల దగ్గరికి పోయే ముందు నా దగ్గర ఆగి, టీ పోసి, పది నిమిషాలు మాట్లాడి వెళ్లేవాడు. ఆ పది నిమిషాల కోసం నేను వారమంతా ఎదురుచూసేవాణ్ణి.